పిడులు తీసేసిన కుర్చీ

వీరదుర్గ ఇంటి అరుగు మీద కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. తూర్పుగాలి వీస్తే మొహాన ఉప్పు తగులుతుంది. కాకినాడకి ఉత్తరాన, ఉప్పాడ దారిలో ఉన్న ఆ చేపల పల్లెలో వాళ్లింటికీ నీళ్లకీ మధ్య ఉన్నది రెండు వందల యాభై అడుగుల ఇసుక. ఆ ఇసుకలో చక్రాల కుర్చీ మూడడుగులు పోయి కూరుకుపోతుంది.

ఇరవయ్యారేళ్ల వయసులో చేపల గంపలతో బజారుకి వెళ్తుంటే మలుపులో ఆటో బోల్తాపడింది. మిగతా ఆడవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. ఆమెకి మాత్రం వెన్ను విరిగి కాళ్లు చచ్చుబడ్డాయి. ఏడాది మంచంలో ఉండి, లేచాక ఎండుచేపల వ్యాపారం పెట్టుకుంది. బేరాలన్నీ ఫోన్లోనే. ఆమె నోటికి జడవని దళారి ఆ చుట్టుపక్కల లేడు.

ఈ పదమూడేళ్లలో ఆమె నీళ్ల దాకా వెళ్లింది ఒక్కసారే, అదీ తమ్ముడు సురేష్‌బాబు, వాడి స్నేహితులూ ఎత్తుకుని తీసుకెళ్తే. మళ్లీ తీసుకెళ్తామంటే ఒప్పుకోలేదు. నలుగురు మోసుకెళ్లే రోజు ఎలాగూ ఒకటి వస్తుంది, ఇప్పట్నించే అలవాటు చెయ్యకండి అంది. ఇసుక మీద చెక్కలతో బాట వెయ్యమని మూడుసార్లు అర్జీ పెట్టింది. అర్జీ తీసుకున్నవాళ్లు మూడుసార్లూ నవ్వారు.

ఆమెకి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు రెబెక్కా ఒక ఉపాయం చెప్పింది. చాలాచోట్ల చక్రాల కుర్చీలో దూరాలు వెళ్తున్నారట, కొండలు కూడా ఎక్కుతున్నారట. కిలోమీటరుకి ఇంతని జనం చందా ఇస్తారట. ఒక్కటే షరతు, చక్రం సొంత చేత్తోనే తిప్పాలి. రెబెక్కాకి తెలిసిన అరటి వ్యాపారి ఒకాయన, శివరామకృష్ణ, రావులపాలెం నుంచి బయల్దేరితే తమ సంఘం తరఫున ఖర్చులు పెట్టుకుంటామన్నాడు. రావులపాలెం నుంచి గట్టు వెంట ముక్తేశ్వరం, అక్కడ గోదావరి దాటి కోటిపల్లి, అట్నుంచి కాకినాడ. డెబ్భై కిలోమీటర్ల పైమాటే. ఆరు రోజులనుకున్నారు.

డిసెంబరులో ఒక పొద్దున్న రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య వేదిక కట్టారు. దానికి అయిదు మెట్లు. ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో, కింద ‘అభాగ్య సోదరికి అండగా’ అని రాత. వీరదుర్గ ఆ రాత వైపు ఒకసారి, మెట్ల వైపు ఒకసారి చూసి కుర్చీకి బ్రేకు వేసుకుంది. శివరామకృష్ణ నలుగురు కుర్రాళ్లని పిలిచి అమ్మని పైకెత్తమన్నాడు.

“ఎవరూ ఎత్తక్కర్లేని దారి కావాలనేనండి నేనీ ఊరొచ్చింది. నన్నెత్తడం కన్నా మీరు దిగిరావడం తేలిక కదండీ,” అంది వీరదుర్గ.

ఆయన దిగొచ్చాడు. దండ వేశాడు. కానీ మొహం మాడిపోయింది. జెండా ఊపేటప్పుడు ఆమెని చూడకుండా ఊపాడు.

మొదటిరోజంతా గట్టు మీద కంకర, గోతులు, సగం రోడ్డున ఆరబోసిన ధాన్యం. అవేవీ ఆమెని అంత విసిగించలేదు. విసిగించింది మనుషులు. ఎవరు ఎదురైనా చేతిలో పదో ఇరవయ్యో పెట్టబోయేవారు. అది బిచ్చం కాదనీ, చందా ఫోన్లో పంపాలనీ వెనక మోటారు సైకిలు మీద వస్తున్న సురేష్ చెప్పేవాడు. వాళ్లు తలూపి, అలాగే పెట్టేవారు. ఒకావిడ కుర్చీకి దణ్ణం పెట్టింది. ఎత్తు వచ్చినప్పుడల్లా వెనక ఎవరివో రెండు చేతులు కుర్చీని తోసే పిడుల మీద పడేవి. వద్దండీ, నేనే వెళ్లాలండీ అని చెప్పీ చెప్పీ సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది.

రెండోరోజు కొత్తపేట దాటాక నాగేశ్వరప్రసాద్ అనే రిటైరైన మాస్టారు తగిలాడు. డెబ్భయ్యేళ్ల మనిషి, పొద్దున్నే నడకకి వచ్చినట్టున్నాడు. వెనకనుంచి వచ్చి పిడులు పట్టుకుని, ‘భయపడకమ్మా’ అంటూ పరుగులాంటి నడకతో తోసేశాడు. ఆమె అరిచింది. బ్రేకు వేస్తే ముందుకి బోర్లాపడుతుంది. సురేష్ పెట్రోలు కోసం వెనక ఆగాడు. మాస్టారికి చెవులు సరిగ్గా వినబడవని తర్వాత తెలిసింది. అరకిలోమీటరు అవతల, ఆయాసం వచ్చి ఆగాడు. మొహం వెలిగిపోతోంది. ఈ జన్మకి ఇంత పుణ్యం చాలన్నాడు.

వీరదుర్గకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కుర్చీ వెనక్కి తిప్పింది.

సురేష్ వచ్చేసరికి అక్క రావులపాలెం వైపు పోతోంది. సంగతి విని బండి దిగి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు.

“అరకిలోమీటరే కదక్కా. ఎవరు చూశారిప్పుడు?”

“నేను చూశానురా. తప్పుకో.”

ఆమె అంతదూరం వెనక్కి వెళ్లి, మాస్టారు పట్టుకున్న చోట ఆగి, మళ్లీ ముందుకి వచ్చింది. మాస్టారు గట్టు పక్కన నిలబడి రెండుసార్లూ చూశాడు. ఏం తప్పు చేశానో తెలియక సురేష్‌ని అడిగాడు. వాడు చెవిలో గట్టిగా చెప్పాడు. ఆమె దాటి వెళ్తుంటే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అది చూసి వీరదుర్గకి ఇంకా బాధేసింది. దూరానికి ఇంకో కిలోమీటరు కలిసినందుకు మాత్రం రాత్రిదాకా గొణిగింది.

మర్నాడు లేచేసరికి కుర్చీ వెనక పిడులు లేవు. సురేష్ పానా తెచ్చి రెండూ ఊడదీసి సంచిలో పడేశాడు. అడిగితే, లూజయ్యాయక్కా అన్నాడు మొహం పక్కకి తిప్పుకుని. ఆ రోజు వెనకనుంచి వచ్చినవాళ్లు చేతులు చాచి, పట్టుకోవడానికేమీ దొరక్క తడుముకుని, పక్కన నడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఎండుచేపలు ఎంతకిస్తావని అడిగారు కొందరు. మూడు బేరాలు కుదిరాయి కూడా.

ముక్తేశ్వరం రేవులో పంటు ఆగి ఉంది. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీదే మనుషులూ మోటారు సైకిళ్లూ గోదావరి దాటతాయి. ఇక్కడ నలుగురు తయారవుతారని వీరదుర్గ పళ్లు బిగించుకుంది. పంటు నడిపే త్రిమూర్తులు ఆమె వైపు చూడను కూడా లేదు. బండ్లు ఎక్కించే రెండు చెక్కల్నీ కాలితో కుర్చీ వెడల్పుకి జరిపి, ఎక్కండన్నాడు. ఆమె ఒక్క ఊపున ఎక్కింది. అవతలికి సగం దూరం పోయాక టిక్కెట్లకి వచ్చి, మనుషులు ఇద్దరు, బండ్లు రెండు అన్నాడు.

“కుర్చీకి టిక్కెట్టేంటండీ?” అన్నాడు సురేష్.

“చక్రాలున్నాయి కదండీ. సైకిలుకి తీసుకుంటున్నాం, దీనికి మానేస్తే సైకిలోళ్లు ఊరుకుంటారా?”

వీరదుర్గ నవ్వింది. ఇచ్చెయ్యరా అంది. రావులపాలెం వదిలాక ఆమె నవ్వడం అదే మొదలు. కోటిపల్లి రేవు వచ్చేదాకా నీళ్లవైపు చూస్తూ కూర్చుంది.

ఆరోరోజు సాయంత్రానికి కాకినాడ చేరింది. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, మళ్లీ బొబ్బలెక్కాయి. రెబెక్కా కట్లు కడుతూ తిట్టింది. శివరామకృష్ణ రాలేదు గానీ, ఇస్తానన్న చందా పూర్తిగా పంపాడు. వచ్చినదంతా చూసి, పడవలు కట్టే వీరబ్రహ్మం తాటిచెక్కలతో నూట యాభై అడుగుల బాట అవుతుందన్నాడు. మిగతా వంద అడుగులు ఇసుకే. ఏడాదికి సగం చెక్కలు పాడైపోయే సముద్రపొడ్డున అంతకన్నా ఆశపడొద్దని కూడా అన్నాడు. వీరదుర్గ ఆయనతో రెండు రోజులు వాదించి, చివరికి సరేనంది.

బాట పూర్తయిన వారానికి మాఘ పౌర్ణమి వచ్చింది. సముద్రస్నానానికి ఊరంతా కదిలింది. వీరదుర్గ పొద్దున్నే తయారై వచ్చేసరికి బాట నిండా ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, కర్రలు పట్టుకున్న తాతలు. ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ పోయేవాళ్లందరికీ చెక్కల మీద హాయిగా ఉంది. తప్పుకోండని ఆమె కేకలు పెడితే, ముందున్న సూరమ్మ వెనక్కి కూడా తిరగలేదు.

“ఉండవే, నాకు మోకాళ్లు. నీకైతే చక్రాలున్నాయి,” అంది.

తన బాట మీద తనే అరగంట వరసలో ఉండాల్సి వచ్చింది. అంతసేపూ చిరాకుపడుతూనే ఉంది. చెక్కల చివరికి చేరేసరికి పౌర్ణమి పోటు లేచింది. వంద అడుగుల ఇసుకా మునిగి, నురగ వచ్చి చక్రాలకి కొట్టింది. రెండో అల చీర కుచ్చిళ్లు తడిపింది. ఆమె వంగి చేతులు ముంచింది. ఇంకా మానని అరచేతుల పగుళ్ల మీద ఉప్పునీళ్లు చుర్రుమన్నాయి. అయినా చేతులు తియ్యలేదు.

మూడో రోజుకే కుర్చీ బేరింగులు తుప్పుపట్టి కీచుమనడం మొదలుపెట్టాయి. ఉప్పునీళ్లలో కుర్చీ దింపొద్దని ముందే చెప్పానుగా అని రెబెక్కా ఫోన్లో కేకలేసింది. వీరదుర్గ ఫోను చెవికి దూరంగా పట్టుకుని, వచ్చే పౌర్ణమి ఏ వారం పడిందో క్యాలెండరులో చూసుకుంటోంది.