మోగుతూనే ఉన్న ఫోన్

మోగే ఫోన్‌ని ఎవరైనా చూస్తూ కూర్చుంటే నాకిప్పటికీ చిరాకు. ఆయన వల్లే.

కెనడాలోని కాల్గరీలో, ట్రైన్‌లో నా పక్కన కూర్చున్న తెలుగాయన ఒళ్లో ఎన్నికల బోర్డులున్నాయి. వాటి మీద బొమ్మ ఆయనదే. ఓడిపోయాక, ఇళ్ల ముందు పాతినవి తానే పీకి తీసుకెళ్తున్నారట.

"ఎప్పుడూ గెలవని పార్టీలో ఎందుకు అంకుల్?" ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ సిద్ధాంతం నమ్మానమ్మా. వచ్చేసారి తమ తరఫున నిలబడమని గెలిచిన పార్టీవాళ్లు ఒకటే ఫోన్లు. ససేమిరా అన్నా."

అంతలో ఫోన్ మోగింది. "వాళ్లే" అంటూ బోర్డులు బోర్లించారు. మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది. నాకే కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు.

"కట్ చేసేయండి అంకుల్."

"చేస్తా."

నా స్టేషన్ వచ్చింది. దిగి, అద్దంలోంచి చూశాను. ఆయన ఫోన్ ఎత్తలేదు. కట్ చేయనూ లేదు.