రెండుసార్లు హాజరు పిలిచే ఆండాలు టీచరు

యాకుత్‌పురా బడిలోని ఆండాలు టీచర్ని మీరు కలిసి తీరాలి. కాలేజీవాళ్లు స్టైపెండిచ్చి బీఎడ్ చదివించారు, బదులుగా మూడేళ్లు బస్తీ బడిలో పనిచేయాలని బాండు రాయించుకున్నారు. ఇళ్లకు పాలు పోసి ఆలస్యంగా వచ్చే ఆడపిల్లల కోసం ఆమె పదిన్నరకు మళ్లీ హాజరు పిలుస్తుంది. నిన్నటితో మూడేళ్లు నిండాయి. ఇవాళ తండ్రి మొగులయ్య ఆమెకొచ్చిన బ్యాంకు ఉద్యోగం ఆర్డరు పట్టుకుని క్లాసులోకే వచ్చేశాడు. కాలేజీ కాగితమూ బల్లమీదే ఉంది, ఇంకో మూడేళ్లు ఈ బడిలోనే ఉంటే ఎమ్మెడ్ చదివిస్తారట.

"బాండు తీరింది గద బిడ్డా. ఫ్యాను కింద కూసొని చేసే నౌకరి, ఇంకేం ఫికర్?"

"నేను పోతే రెండోసారి ఎవరు పిలుస్తరు బాపూ? కొత్త టీచరు వీళ్ల పేర్లే కొట్టేస్తది."

చేతికంటిన సుద్దపొడి దులుపుకొని ఆమె కాలేజీ కాగితం మీద సంతకం చేసేసింది. మీరైతే ఏ కాగితం మీద చేసేవారు?