నిప్పుకాడికెళ్ళే సరుకు

మా వీధి మలుపులో ఎవరో గేటుకి వెల్డింగు చేయిస్తున్నారు. రవ్వ పడి వెల్డరు చేతికున్న తోలు గ్లవుసు కమిలినట్టుంది. ఆ కమురు కంపు ముక్కుకి తగలగానే నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీదంటే, ముందు అప్పలనరసమ్మ మీద, ఆ తరవాత నామీద. న్యాయంగా అయితే వరస తిరగెయ్యాలి. కానీ కోపం న్యాయం చూసుకుని రాదు కదా.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చి విశాఖలో స్థిరపడ్డాడు. నాకు మాత్రం ఒకరి కింద పనిచెయ్యడం గిట్టేది కాదు. అద్దెకో షెడ్డు తీసుకుని, నాలుగు కుట్టుమిషన్లు పెట్టి, వెల్డర్లకి తోలు గ్లవుసులు తయారుచెయ్యడం మొదలుపెట్టాను. కుట్టుపనిలో నాకు ఓనమాలు రావు. వచ్చింది అప్పలనరసమ్మకి. కంచరపాలెం మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, పోర్టులో చిరిగిన గోనెసంచులు కుట్టి కుట్టి కాయలు కాసిన చేతులు. చేరిన వారానికే షెడ్డంతా ఆవిడ మాటమీద నడిచేది.

ఆవిడకో పద్ధతి ఉండేది. ఏ రోజు సరుకులోంచి ఆ రోజు ఒక గ్లవుసు తీసి నా చేతికి తొడిగేది. టీ కుంపట్లోంచి పటకారుతో నిప్పుకణిక తెచ్చి, సరిగ్గా కుట్టుమీద పెట్టి, సింహాద్రి అప్పన్నని పదిసార్లు తలుచుకునేది. అంతసేపూ నేను చెయ్యి కదపకూడదు. మిషన్ల మీదున్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

"నా చెయ్యే ఎందుకు? నువ్వే తొడుక్కోవచ్చుగా" అన్నాను ఒకసారి, ఉడుక్కుని.

"కుట్టినోల సెయ్యి కాలితే ఏటి నాభం బాబూ? అమ్మినోడి సెయ్యి కాలాల" అంది.

ఓనర్ని నేనో, ఈవిడో తెలియని బతుకైపోయిందని ఇంటికెళ్ళి మా ఆవిడ దగ్గర అరిచేవాణ్ణి.

అప్పుడొచ్చింది మా మొదటి పెద్ద ఆర్డరు, ప్లాంటులో పనిచేసే ఒక కాంట్రాక్టరు నుంచి. ఇంకా వారం గడువుందనగా దళసరి నూలుదారం అయిపోయింది. బజారంతా తిరిగినా దొరకలేదు. నైలాన్ దారం దొరికింది. నిగనిగలాడుతోంది, ఎంత లాగినా తెగలేదు. గెలిచినవాడిలా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఒక గ్లవుసు కుట్టి, నాకు తొడిగి, కణిక పెట్టింది. అప్పన్న పేరు రెండోసారి పలికేలోగా దారం కరిగి కుట్టు విడిపోయింది. నేను చెయ్యి విదిలించుకున్నాను.

"తనిఖీకొచ్చేవాడు లాగి చూస్తాడు, నిప్పు పెట్టడు" అన్నాను.

"ఆడెట్టడు. అక్కడ నిప్పు పడతాది. ఇది నిప్పుకాడికెళ్ళే సరుకు బాబూ. గడువు పోతే పోనీ, నాను మాత్రం ఈ దారంతో కుట్టను."

"ఇక్కడ ఓనరెవరు?" అని గొంతు చించుకున్నాను. రేపట్నుంచి రావద్దన్నాను. ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు తలొంచుకుని కుట్టారు. తనిఖీవాడు వచ్చి లాగి చూశాడు, బాగుందన్నాడు. నేను అందరికీ మిఠాయి పంచాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తుంది.

నెల తిరక్కుండా కాంట్రాక్టరు సూపర్‌వైజరు వచ్చాడు. "మీ గ్లవుసొకటి నోరు తెరిచిందండీ, ఓ కుర్రాడి చెయ్యి కాలింది. కూలోడేలెండి" అని నవ్వి, ఇంకో ఆర్డరు కాగితం నా బల్లమీద పెట్టాడు. తిట్టుంటే, సరుకు వెనక్కి కొట్టుంటే బాగుండేది. ఆ నవ్వు చూడలేక, కాగితం బల్లమీదే వదిలేసి లేచాను. తిన్నగా కంచరపాలెం వెళ్ళాను.

అప్పలనరసమ్మ వాకిట్లో గోనెసంచి కుడుతోంది. జరిగింది చెప్పి, మళ్ళీ పనిలోకి రమ్మని బతిమాలాను.

"ఆ పిల్లడి సెయ్యి సూసావా?"

"లేదు."

"ముందు సూసి రా."

ఆస్పత్రికెళ్ళాను. భీమిలి దగ్గర పల్లె కుర్రాడు, ఇరవై నిండుంటాయేమో. కుడిచేతికి కట్టు. గ్లవుసులు చేసేది నేనేనని చెప్పగానే మంచంమీంచి లేవబోయాడు. "నానే సరిగ్గా ఏసుకోనేదేమో బాబూ. మీ సరుకు మంచిదే" అన్నాడు. ఎక్కడ నేను ఫిర్యాదు చేసి పని పోగొడతానో అని వాడి భయం. ఆ మంచంమీద నాలుగు బత్తాయిలు పెట్టి బయటికొచ్చేశాను.

"ఏటి సెప్పావు ఆడికి?" అంది అప్పలనరసమ్మ, నేను తిరిగి వెళ్ళగానే.

"దారం సంగతి చెప్పలేకపోయాను."

సూదిలో దారం ఎక్కించుకుంటూ, నా మొహం చూడకుండానే అంది: "మరైతే నాను రాను. నానొస్తే నీకు బాగుంటాది. ఆడికేటి బాగుంటాది?"

ఇంటికెళ్ళి ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంత పొగరా అన్నాను. రాత్రంతా మండిపడి, తెల్లారాక మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తాను. ఆ మంచంమీద వేరే మనిషి ఉన్నాడు. కుర్రాణ్ణి ఇంటికి పంపేశారట. ఏ ఊరో కాంట్రాక్టరు ఆఫీసులో అడిగితే, "కూలోళ్ళ ఊళ్ళెవరు రాసుకుంటారండీ" అన్నారు. భీమిలి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను. దొరకలేదు.

నైలాన్ దారం కట్టలు పెరట్లో తగలబెట్టాను, రెండో ఆర్డరు వదిలేశాను. ఇరవై ఏళ్ళు షెడ్డు నడిపాను, నిజాయితీపరుడన్న పేరూ తెచ్చుకున్నాను. ఎక్కడో ఓ పల్లెలో ఒక మనిషి మాత్రం తన చెయ్యి తన తప్పువల్లే కాలిందనుకుంటూ ముసలివాడై ఉంటాడు.