మా మేనత్త సముద్రం చూసిన ముచ్చట

ఇప్పుడంటే పొద్దున ఒక ఊర్ల చాయ తాగి రాత్రికి ఇంకో దేశంల అన్నం తింటున్నరు గని, ఆ దినాలల్ల మా శాలిబండ వాళ్ళకు మూసీ దాటితేనే పెద్ద ప్రయాణం. నది ఇవతలనే ఉన్న మలక్‌పేటకు పోయి గుర్రాల పందెం చూసొచ్చినోడు గూడ వారం దాక ఆ ముచ్చటే చెప్పుకుంట తిరిగేటోడు. అట్లాంటి ఊర్ల, మీసం అప్పుడప్పుడే కుదురుకుంటున్న నేను, సముద్రం గురించి నలుగురికి పాఠాలు చెప్పేటోణ్ణి. ఎందుకంటే చార్కమాన్ కాడ ఒక సేఠ్ దుకాణంల ముత్యాలు గుచ్చే పని నాది. గిరాకి ఎవరన్న వచ్చి "ఏ మోతీ కహాఁకా హై, మియాఁ?" అని అడిగితే, నేను దారం పక్కకు పెట్టి, కండ్లు సగం మూసుకొని, "బస్రా దరియాకా హై, సాబ్. ఉధర్ కా పానీచ్ అలగ్" అని చెప్పేటోణ్ణి, అంటే బస్రా సముద్రంది, ఆడి నీళ్ళే వేరు అని. (అప్పటిదాక నేను చూసిన పెద్ద నీళ్ళు మీరాలం చెరువు. అది గూడ ఒడ్డు మీద నిలవడి.)

నాకు సముద్రం చూసే రాత వచ్చింది చలిజ్వరం వల్ల. జ్వరం నాకు కాదు. కోస్తా దిక్కు నుంచి ఒక నాటకాల కంపెనీ వచ్చి మా గల్లీ పక్కన డేరా ఏసింది. అండ్ల హార్మోనియం వాయించే ఆయన నాకంటె కొంచెం పెద్ద, అందరు పెట్టె మాస్టరు అని పిల్చేటోళ్ళు. ఆయనకు చలిజ్వరం వచ్చి లేవలేకపోతే, కంపెనీ వాళ్ళు డేరా మడుచుకొని వరంగల్లు పోయిన్రు. మా మేనత్త ఆయన్ను చాప తోని సహా మా ఇంట్లకు తెప్పించింది. మా మేనత్త అంటే మా నాయినకు అక్క. చిన్న వయసులనే మామ పోతే మా ఇంటికొచ్చి, నన్ను సాకి పెద్ద జేసింది. ఆమె మాటకు మా గల్లీల కోత్వాలు గూడ ఎదురు చెప్పడు. మాస్టరుకు చేదు మందు తాపి, జొన్న గట్క తినవెట్టి, నెల తిరిగేసరికి లేపి కూసోవెట్టింది. పోయేనాడు ఆయన ఆమె కాళ్ళకు మొక్కి, "మా యూరు రావాలమ్మా. సముద్రం సూపిస్తాను, కొండలు సూపిస్తాను, మాయమ్మ సేతి కూర తినిపిస్తాను" అన్నడు. మా అత్త ఆయన్ను మీదికీ కిందికీ చూసి, "మీ అమ్మ నీకు కూర తినిపిస్తదా? మరి గిట్ల బొక్కల గూడు లెక్క ఎందుకున్నవు కొడుకా?" అన్నది. ఆ మాట ఎంత దూరం పోతదో మాకు అప్పుడు తెల్వలే.

మల్ల ఎండాకాలం మాస్టరు మనిషి తోని కబురు పంపిండు, తప్పకుండ రమ్మని. నేను సేఠ్‌ను బతిమాలిన. ఆయన పాన్ నములుకుంట, "సోమవారం దుకాణం తీసేసరికి నీ గద్దె మీద నువ్వుండాలె. లేకుంటె నా బామ్మర్ది కొడుకుంటడు" అన్నడు. మా అత్త నాకు రొట్టెలు కట్టియ్యడానికి కూసున్నది, కట్టియ్యంగ కట్టియ్యంగ ఆమెకే అనుమానం వచ్చింది. "ఆ దిక్కు ఏం తింటరో ఏమో. నేను గూడ వస్త" అన్నది. నాంపల్లి టేషన్ల మేము రైలెక్కినప్పుడు మా ఎంట ఒక సందుగు జొన్నపిండి, ఒక మూట ఎండు మిరపకాయలు, సముద్రం నీళ్ళు ఉప్పగుంటయని ఒక కూజ నిండ మా ఇంటి బాయి నీళ్ళు. ఆ కూజను నేను బెజవాడ దాక ఒళ్ళె పెట్టుకొని పోయిన. బెజవాడల రైలు మారేటప్పుడు అది పగిలింది. తర్వాత వాల్తేరు దాక మా అత్త నాతోని మాట్లాడలే.

మాస్టరు ఊరు భీమునిపట్నం అవతల, ఏరు పోయి సముద్రంల కలిసే కాడ. మోటరు దిగి వాళ్ళింటికి పోంగనె వాళ్ళమ్మ ఎదురొచ్చింది. పొట్టిగ, బొద్దుగ, నడుముకు కొంగు చెక్కుకొని ఉన్నది. "రండి బాబూ, కూకోండి. మా గుంట నీల్లట్టుకొస్తాది, కాల్లు కడుక్కుందురు గాని" అన్నది. నేను మా అత్త దిక్కు చూసిన, మా అత్త నా దిక్కు చూసింది. గుంట అంటే మా దిక్కు భూమిల తవ్వేది. అది నీళ్ళు పట్టుకొని ఎట్ల వస్తది? ఇంతల లోపలి నుంచి ఒక చిన్నపిల్ల చెంబు తోని ఉరికొచ్చింది. గుంట అంటే ఆడపిల్లట. అది అర్థమై నేను నవ్వబోయేలోపల, ఆ తల్లి మా అత్త ముందర నిలవడి, "మీరే గదేటమ్మా, నా కొడుకుని బొక్కల గూడన్నారు? ఆడికెక్కడున్నాయి బొక్కలు, సూపించండి" అన్నది. మా దిక్కు బొక్కలంటే ఎముకలు, వాళ్ళ దిక్కు బొక్కలంటే రంధ్రాలు. మాస్టరు నడుమ జొరవడి అర్థం చెప్పిండు. అర్థం తెలిసినంక ఆమెకు కోపం ఇంకా ఎక్కువైంది. (రంధ్రాలన్న పూడ్సొచ్చు, ఎముకలు కనవడుతున్నయంటే తల్లి వండుడు మీదికే వచ్చినట్టు గద.)

ఆనాటి నుంచి ఆ ఇంట్ల రెండు పొయ్యిల లడాయి మొదలైంది. ఆమె పనసపొట్టు కూరల ఆవ పెట్టి, ఆనపకాయ పులుసుల బెల్లమేసి వడ్డిస్తే, మా అత్త వేలు తోని నాలిక మీద పెట్టుకొని, "పులుసుల బెల్లమేంది? ఇది పులుసా, పాయసమా?" అని నెమ్మదిగ అడిగింది. నెమ్మదిగ అంటే అందరికి ఇనవడేటట్టు. తెల్లారి మా అత్త పెరట్ల మూడు రాళ్ళు పెట్టి మా మిరపకాయల తోని తొక్కు నూరింది. మాస్టరు వాళ్ళమ్మ ఇంత నోట్లె ఏసుకొని, కండ్ల నీళ్ళు కారుతుంటె గూడ తుడుచుకోకుంట, "బాగుంది. పశువులకి జలుబు సేస్తే పెట్టొచ్చు" అన్నది. నేను, మాస్టరు ఆ లొల్లి నడుమ కూసొని ఆ పొయ్యి మీదిది తిని, ఈ పొయ్యి మీదిది తిని, ఇద్దరికి ఎదురుంగ ఏది బాగుందో చెప్పకుంట బతికినం. నిజం చెప్పాలంటే నాకు రెండూ మస్తు నచ్చినయి. నేను అంత తిన్నది నా జన్మల మల్ల లేదు.

ఇగ సముద్రం. మాస్టరు నన్ను ఒడ్డుకు తీసుకపోయి, "సూడు తమ్ముడూ, నీకు కొత్తేటి, అంతా తెలిసినోడివి" అన్నడు. నేను చేతులు ఎనుకకు కట్టుకొని, సేఠ్ లెక్క నిలవడి, "ఇది బస్రా దరియా కంటె కొంచెం నీలం ఎక్కువున్నది" అనవడితిని. అనేలోపల్నే ఒక అల వచ్చి మోకాళ్ళ దాక తాకి, కాళ్ళ కింది ఇసుక గుంజుకపోయింది. భూమే పోతుందనుకొని ఒర్రుకుంట ఉరికిన. కొబ్బరితోట కాడ గని ఆగలే. మా అత్త మాత్రం కదలలే. శానసేపు చూసి, "ఇన్ని నీళ్ళుండి తాగనీకె చుక్క లేదా" అన్నది. ఆ తర్వాత దినాం పొద్దుగాల లేసి ఎవరికి చెప్పకుంట ఒడ్డుకు పోయి కూసునేది. అడిగితే, "కాళ్ళ నొప్పులకు ఇసుక మంచిదట" అనేది. ఎవరన్నరో చెప్పకపోయేది.

కొండలకు గూడ పోయినం, ఎడ్లబండి కట్టుకొని. ఎర్రమట్టి తోవ, రెండు దిక్కుల జీడిమామిడి చెట్లు, పైకి పోయిన కొద్ది చల్లగాలి. కొండ మీద వాళ్ళు దొప్పలల్ల చోడంబలి, అంటే రాగి అంబలి, పోసిన్రు. ఆడ ఒక చెట్టుకు, నా నడుమంత లావు పనసకాయ, నేల మీద ఆనుకొని ఉన్నది. మాస్టరు, "ఉండు తమ్ముడూ, సేతికి నూని రాసుకోవాలి" అంటున్నడు. "దీనికి నూనెందుకన్నా, మా దిక్కు గుమ్మడికాయలు ఎత్తమా" అని నేను కాయను కౌగిలిచ్చుకొని తుంచిన. పాల లెక్క జిగురు కారి చేతులకంటింది. అప్పుడే ముక్కు మీద ఈగ వాలింది. దాన్ని కొట్టబోయి జిగురంత మీసానికి పూసుకున్న. నూనె రాసినా పోలే, గుంజితే ప్రాణం పోతుండె. ఆఖరికి కింది ఊర్ల మంగలాయన సాఫ్ గొరిగిండు. మా అత్త, మాస్టరు వాళ్ళమ్మ, ఇద్దరు మొదటిసారి ఒకే మాటకు నవ్విన్రు. ఆ మాట నా మొకం గురించి. ఇక్కడ రాయనవసరం లేదు.

పోవాల్సిన దినం వచ్చింది. సాయంత్రం మోటరు ఎక్కితేనే వాల్తేరుల రైలు అందుతది, రైలు అందితేనే సోమవారం నా గద్దె నాకుంటది. పొద్దుగాలనే మా అత్త, "ఏరు సముద్రంల కలిసే కాడికి పడవ మీద పోయి చూసొస్త" అన్నది. మాస్టరు వాళ్ళమ్మ బుగ్గ మీద చెయ్యేసుకొని, "ఆడోల్లు పడవెక్కరమ్మా, మా యూరి ఆసారం కాదు" అన్నది. "నీ ఊరి ఆచారం నీది. నేను హైద్రబాదు దాన్ని" అన్నది మా అత్త. ఇంటి పక్కన ఒక ముసలి పడవ తాత ఉన్నడు. మా అత్త ఆయన ముందర పోయి నిలవడితే, ఆయన ఎందుకొచ్చిన గొడవ అనుకొని తెడ్డు తీసిండు. ఈమె ఒక్కతే పోతే ఏమైతదో అని మాస్టరు వాళ్ళమ్మ గూడ గొణుక్కుంట ఎక్కింది. మాస్టరు మోటరుల జాగ ఆపుడానికి ఊళ్ళెకు పోయిండు. నేను పడవ నడుమ, రెండు అంచులు పట్టుకొని కూసున్న.

ఏరంత బాగనే ఉండె. సముద్రం దగ్గరికి పోంగనె పడవ ఊగుడు మొదలై, నా పొట్టల రెండు పొయ్యిల వంటలు ఒకదాని మీద ఒకటి లొల్లి పెట్టినయి. నేను అంచు మీద వాలి కక్కుతున్న. ఎనుక ఇద్దరాడోళ్ళు చారుల ఇంగువ ముందా, తర్వాతనా అని వాదిస్తున్నరు. పడవ తాత గూడ అటు తిరిగి, "మా ఇంటిది ముందేస్తాది" అని చెప్పవట్టిండు. ఆ చెప్పుట్ల పడవ పోయి ఇసుక దిబ్బకెక్కి కూసున్నది. పాటు సమయం, నీళ్ళు తీసుకుంట పోతున్నయి. ఎంత తోసినా కదలలే. తాత బీడి ముట్టిచ్చి, "పోటొచ్చే దాకా ఇక్కడే" అన్నడు.

నాలుగు దిక్కుల నీళ్ళు, నడుమ చాపంత ఇసుక. నాకు సేఠ్ బామ్మర్ది కొడుకు నా గద్దె మీద కూసొని ముత్యాలు గుచ్చుతున్నట్టు కనవడ్డది. తల తిరిగి ఇసుకల బోర్ల పండుకొని మూలుగుతున్న. ఎవరికి బెదరని మా అత్త, ఆనాడు మొదటిసారి గొంతు తగ్గిచ్చి, పక్కనున్న ఆమె చెయ్యి పట్టుకొని, "వదినె, నీళ్ళు పెరుగుతయా?" అని అడిగింది. వచ్చినకాడి నుంచి ఆమెను వదినె అన్నది అదే మొదలు. ఆమె గూడ ఆ చెయ్యి విడవలే. "పెరుగుతాయి వొదినా. పెరిగితేనే మనం ఎల్తాం. బయపడకండి" అన్నది. మల్ల తనే, "నాను ఈ యూళ్ళోనే పుట్టాను, ఈ యూళ్ళోనే ముసల్దాన్నయ్యాను. పడవెక్కడం ఇదే" అన్నది. మా అత్త ఆమె మొకం దిక్కు చూసి, "ఎట్లున్నది మరి?" అన్నది. "బాగుంది" అన్నది ఆమె. ఇద్దరు ఆడపిల్లల లెక్క నవ్వుకున్నరు.

ఎండ ఎక్కింది, ఆకలైంది. రైలు కోసం మా అత్త కొంగున కట్టుకున్న జొన్నరొట్టెలున్నయి. మాస్టరు వాళ్ళమ్మ మాకు దారిల తినమని ఇయ్యడానికి, ఇంట్ల ఇస్తే మా అత్త వద్దంటదని, కాల్చిన ఎండు చేపల పొట్లం బొడ్లె దోపుకొని తెచ్చింది. రెండు పొట్లాలు ఇసుక మీద విప్పిన్రు. మా అత్త రొట్టె తుంపి, చేప ముక్క పెట్టుకొని, సముద్రం దిక్కు చూసుకుంట నమిలింది. ఇంకో ముక్క తీసుకున్నది. ఆమె గూడ రొట్టె నమిలి నమిలి, "ఏటొదినా ఇది, నమిలిన కొద్దీ తీపొస్తంది" అన్నది. "చేతి తోని కొట్టాలె, కర్ర తోని ఒత్తితే రాదు. నేర్పిస్త" అన్నది మా అత్త. ఉత్త ఇసుక మీదనే, పిండి లేకుంటనే, రొట్టె ఎట్ల కొట్టాలెనో చూపిచ్చింది. తాత నా ముందర గూడ ఒక ముక్క పెట్టిండు. నేను మొకం తిప్పుకున్న.

పోటు వచ్చి పడవ లేసేసరికి పొద్దు వాలింది. ఒడ్డున మాస్టరు ఒక్కడే నిలవడి ఉన్నడు. మోటరు పోయింది. తర్వాతి రైలుకు వచ్చి, మీసం లేని మొకం తోని దుకాణానికి పోతే, నా గద్దె మీద బామ్మర్ది కొడుకు కూసోనే ఉన్నడు. సేఠ్ నన్ను గుర్తువట్టలే, గుర్తువట్టినంక పొమ్మన్నడు. తెల్లారి మా అత్త కొంగు కప్పుకొని దుకాణం మెట్ల కాడికొచ్చి, "సేఠ్‌జీ, పోరనిది కసూర్ నహీఁ. హమీచ్ దరియా మే ఫస్ గయే థే" అన్నది, తప్పు పోరనిది కాదు, మేమే సముద్రంల చిక్కుకున్నమని. సేఠ్ పాన్ నములుడు ఆపిండు. "దరియా? ఆప్ దేఖే?" అన్నడు. నలభై ఏండ్లు ముత్యాలు అమ్మిన మనిషి, ఆయన గూడ సముద్రం చూసినోడు కాదట. ఆమెకు కుర్సీ ఏపిచ్చి, చాయ తెప్పిచ్చి, గిరాకిని నిలవెట్టి, మొత్తం ముచ్చట చెప్పిచ్చుకున్నడు. అల తాకినప్పుడు నేను ఎంత దూరం ఉరికిన్నో అది గూడ చెప్పింది. నా గద్దె నాకు దక్కింది.

ఆ తర్వాత కొడుకులు, కోడండ్లు నన్ను ఎన్నో సముద్రాల కాడికి తీస్కపోయిన్రు. మంచి కుర్సీల కూసోవెట్టిన్రు, మంచిగ తినవెట్టిన్రు. గని నాకెప్పుడు యాదికొచ్చేది ఆ ఇసుక దిబ్బే. ఇద్దరాడోళ్ళు కాళ్ళు జాపుకొని, నీళ్ళు మెల్లగ దగ్గరికొస్తుంటె, రొట్టె తుంపుకొని తింటుంటరు. పక్కన ఒక పిచ్చి పోరడు బోర్ల పండుకొని, ఈ పూట ఎప్పుడు ఒడుస్తదా అని మూలుగుతుంటడు. ఆ పోరడు కనవడితే భుజం తట్టి లేపుదామనుకుంట. లే బిడ్డా, సేఠ్ ఫికర్ తర్వాత జేద్దువు, పోటు ఇంకా రాలే, జర ఇటు తిరిగి ఆ చేప ముక్క తిను, అని.