అరచేతి నీడ

తిరుపతిలో మా ఆయన ఫోటోలు తీసేవాడు. వాకిట్లో తెల్లగుడ్డ పందిరి కింద మనుషుల్ని కూర్చోబెట్టి, కెమెరా మూత తీసి, లోలోపల గోవిందా, గోవిందా అని లెక్కపెట్టి మూత పెట్టేవాడు. గట్టి ఎండకు రెండు గోవిందలు, పలచటి మబ్బుకు నాలుగు, వానమబ్బుకు ఎనిమిది. ఆయనకు చూపు మందగించాక వెలుతురు చూసే పని నాకు వచ్చింది. పందిరి బయట సున్నపు గోడకు అరచేయి అడ్డం పెట్టి నీడ చూసేదాన్ని.

“ఏమే, నీడెట్లుండాది?”

“వేళ్లు లెక్కబెట్టొచ్చు.”

“ఇప్పుడో?”

“కరిగిపోయిందయ్యా. చెయ్యో దోసో తెలీడంలే.”

యుద్ధం రోజుల్లో మద్రాసు నుంచి ఫోటో పడే గాజు ప్లేట్లు రావడం ఆగిపోయింది. పెట్టెలో రెండు మిగిలాయి. అప్పటికే ఆయనకు దగ్గు ముదిరింది. ఊరందరి ఫోటోలు తీసిన మనిషికి తన ఫోటో ఒక్కటీ లేదు. ఒక ప్లేటు ఆయనకే వాడాలని పట్టుబట్టాను. తీయాల్సింది నేనే.

“కదలాకు,” అన్నాను.

“నేను ఊరికంతా చెప్పే మాట నాకే చెప్తాండావా?” అని నవ్వి, బిగుసుకుని కూర్చున్నాడు.

ముందు గోడ దగ్గరికి వెళ్లి నీడ చూశాను. వేళ్లు విడివిడిగా ఉన్నాయి. వచ్చి మూత తీశాను. ఇక గోడ దగ్గర ఎవరూ లేరు. నేనేమో ఆయన ముఖమే చూస్తున్నాను. రెండో గోవిందకు మూత పెట్టి వెనక్కి తిరిగితే వాకిలంతా మబ్బు.

ప్లేటు కడిగి చూస్తే ముఖం ఉండాల్సిన చోట పొగమరక.

“ఎట్లొచ్చినాను?” అన్నాడు.

“బాగొచ్చినావు,” అన్నాను. సిగ్గేసి.

రెండో ప్లేటు మర్నాడు పాకాల నుంచి కొండకు వచ్చిన దంపతులకు వాడేశాడు. కొత్తవి వచ్చేసరికి ఆయన లేడు.

ఆయన ప్లేటును కెమెరా నల్లగుడ్డ మీద పెట్టి కాస్త వంచితే ముఖం తేలుతుందని చాలా రోజులకు, ఇల్లు సర్దుతుంటే తెలిసింది. నిటారుగా పట్టుకుంటే పోతుంది.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని ఆయన నోటుపుస్తకం తెరిచాను. ప్రతి ఫోటోకూ ఎదురుగా నేను గోడ దగ్గర నుంచి అరిచిన మాటలే రాసుకున్నాడు. ఆ రోజు పేజీలో మాత్రం పెద్ద పెద్ద వంకర అక్షరాలు: “మధ్యలో మబ్బు పట్టింది. రెండు చాలవు. ఆమెకు చెప్పలేదు.”

కూడబలుక్కుని చదివాను. సరిగ్గా చదివానో లేదో చెప్పేవాళ్లు పక్కన లేరు. మళ్లీ మొదటి నుంచి, వేలు పెట్టి చదివాను.