యాప్ నన్ను ఫెయిల్ చేసిన రోజు

కాణిపాకం దగ్గరి బడిలో మూడో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. నా ఫోన్‌లో ఇంగ్లిష్ ఉచ్చారణ సరిచూసే యాప్ ఒకటుంది; దాని ముందు తప్పుల్లేకుండా చదివితే నక్షత్రం వస్తుంది. పిల్లలంతా ఎగబడేవారు. భార్గవి మాత్రం, తప్పు చదివితే నవ్వుతారని నోరు విప్పేది కాదు.

తల్లిదండ్రుల సమావేశం రోజు ఫోన్‌ను టీవీకి కలిపి, గొప్పగా నేనే చదివాను. ఎన్నిసార్లు చదివినా "మళ్లీ ప్రయత్నించండి" అంది యాప్. నా ఇంగ్లిష్ పుట్టిల్లు చిత్తూరని దానికెలా తెలిసిందో!

"టీచరమ్మను ఫెయిల్ చేసేసినాదే, సూడప్పా!" అన్నాడు ఒక పిల్లాడి తండ్రి. అందరితోపాటు నేనూ నవ్వేశాను.

భార్గవి లేచి వచ్చింది. "ఏం గాదు టీచర్, నేను సదువుతా."

మొదట తడబడింది. ఆగలేదు, మళ్లీ చదివింది. టీవీలో నక్షత్రం మెరిసింది!

గేటు దాటుతూ వాళ్లమ్మతో అంటోంది: "టీచర్‌కి నేను నేర్పిస్తాలేమ్మా!"

ఇంత సంతోషంగా నేనెప్పుడూ ఫెయిల్ కాలేదు.