వేడినీటి కొలనులో శనివారం తలంటు

నా తప్పు మొదటే చెప్పేస్తాను. ఆలస్యం చేస్తే మీరు నన్ను మంచివాడినని అనుకునే ప్రమాదం ఉంది. ఒక శనివారం నాడు, పిల్లాపాపలతో జనం ఆడుకుంటున్న వేడినీటి కొలనులో నేను నువ్వుల నూనె కలిపాను. ఆ నేరం కాస్తా, ఆర్నెల్లుగా నాకు అన్నం పెడుతున్న వదిన మీద పడుతుంటే కొలను గట్టున నోరు మూసుకుని నిలబడ్డాను. నూనె సంగతి తెలియక చేశాను. నోరు మూసుకోవడం మాత్రం తెలిసే చేశాను.

ఆ రోజుల్లో, అంటే రెండువేల ఆరు ప్రాంతాల్లో, కాంట్రాక్టు మీద అమెరికాలోని బెంటన్‌విల్ వచ్చిన నాలాంటి బ్రహ్మచారికి కారు లేకపోతే కాళ్ళు లేనట్టే లెక్క. కూరగాయలు కావాలన్నా ఎవరో ఒకరు దయతలచాలి. మా టీంలో సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆయన్ని నేను అన్నయ్య అనేవాడిని (మా ఇద్దరిదీ ఒకే జిల్లా, అంతకుమించి చుట్టరికం లేదు). ఒక సాయంత్రం నా గదికి వచ్చి, గిన్నెలో అడుగంటిన నూడుల్స్ చూసి, "ఛీ, ఇదేం తిండిరా! పద ఇంటికి, మీ వదిన పప్పుచారు పెట్టింది" అని కారెక్కించాడు. ఆ పూటకే అనుకున్నాను. ఆర్నెల్లయినా ఆ పూట పూర్తి కాలేదు. శుక్రవారం రాత్రి వెళితే ఆదివారం సాయంత్రం దాకా అక్కడే మకాం. వాళ్ళమ్మాయి చిట్టికి ఎనిమిదేళ్ళు, పుట్టింది అక్కడే. నన్ను అంకుల్ అని పిలిచేది గానీ, నా ప్లేటులోని అప్పడాలు మాత్రం సొంత బాబాయి సొత్తులాగే లాక్కునేది.

చిట్టి చేపపిల్లలా ఈదుతుంది. వదిన మాత్రం ఎప్పుడూ నీళ్ళలో దిగి ఎరగదు. భయం కాదు, సిగ్గు. ఏ కొలనుకు వెళ్ళినా సంచులూ తువ్వాళ్ళూ పెట్టుకుని గట్టున కూర్చునేది. ఆ వేసవి సెలవులకు ముందు బళ్ళో కుటుంబం బొమ్మ గీయమంటే, చిట్టి తనూ నాన్నా నీళ్ళలో ఉన్నట్టు, అమ్మ దూరంగా నాలుగు సంచుల మధ్య ఉన్నట్టు గీసుకొచ్చింది. వదిన ఆ బొమ్మను ఫ్రిజ్‌కు అంటించి చాలాసేపు అక్కడే నిలబడింది. వారం తిరిగేసరికి మణికట్ల నుంచి చీలమండల దాకా కప్పే ఈతదుస్తులు తెప్పించుకుంది. "నవ్వారంటే చంపుతాను ఇద్దర్నీ" అని అన్నయ్యకీ నాకూ ముందే వార్నింగ్ ఇచ్చింది. మేము నవ్వలేదు. మూడున్నర గంటలు డ్రైవ్ చేసి ఆ వేడినీటి ఊటల ఊరికి వెళ్ళింది అందుకే, వదిన నీళ్ళలో దిగడం కోసమే.

అక్కడ భూమిలోంచి వచ్చే వేడినీళ్ళతో అందరికీ ఒక పెద్ద కొలను, దాన్ని ఆనుకునే పిల్లల జారుడు గొట్టాలు, గొడుగుల్లా నీళ్ళు కురిసే బొమ్మలు. నా ధ్యాసంతా ఆ వేడినీళ్ళ మీదే. ఆ వేళ శనివారం. మా ఇంట్లో మగవాళ్ళకు శనివారం తలంటు తప్పదు. గదిలోని బాత్‌టబ్బులో ఒకసారి ప్రయత్నించి, జారిపడి, తూము పూడిపోయి, అపార్ట్‌మెంట్ వాళ్ళతో చీవాట్లు తిన్నాను. అప్పటినుంచీ నా శనివారాలన్నీ పొడిపొడిగానే గడిచిపోయాయి. ఇప్పుడు భూదేవే నీళ్ళు కాచి పోస్తుంటే వదులుకుంటానా? పొద్దున్నే వదిన వంటింట్లోంచి నువ్వుల నూనెను ఒక మంచినీళ్ళ సీసాలోకి వంపుకున్నాను. (సున్నిపిండి కూడా ఒక ప్లాస్టిక్ కవరులో కట్టుకున్నాను. దాన్ని విప్పే అవకాశం రాకపోవడం ఆ ఊరి అదృష్టం.) బట్టలు మార్చుకునే గదిలో మాడు నుంచి మడమ దాకా పట్టించి, ఒంటికి ఇంకాలని పావుగంట కూర్చున్నాను. అటుగా వచ్చిన ఇద్దరు ముగ్గురు నన్ను చూసి వేరే లాకర్ల వరుసలోకి వెళ్ళిపోయారు. కొలనులో దిగేముందు సబ్బుతో స్నానం చేయాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుంది. స్నానానికి వచ్చినవాడు ముందు స్నానం చేసి రావడమేమిటి, వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉందని నవ్వుకుని, పైన టీషర్టు తొడుక్కుని వెళ్ళి దిగాను.

అప్పటికే వదిన నీళ్ళలో ఉంది! చిట్టి రెండు చేతులూ పట్టుకుని వెనక్కి నడుస్తూ, "అమ్మా, సీ? సీ? నువ్వు నడుస్తున్నావ్!" అంటోంది. వదిన ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. నేను పక్కనే గొంతు దాకా మునిగి హాయిగా కళ్ళు మూసుకున్నాను.

"అంకుల్, లుక్! రెయిన్‌బో!" అంది చిట్టి.

కళ్ళు తెరిచాను. నా చుట్టూ నీళ్ళ మీద ఏడు రంగుల వలయాలు. అవి నెమ్మదిగా విచ్చుకుంటూ వదిన వైపు, ఆవిడ వెనకున్న ముసలి దంపతుల వైపు సాగుతున్నాయి. ఆ పెద్దాయన చెయ్యి ఎత్తి వాసన చూసుకున్నాడు. "ప్రతి శనివారం వస్తాం, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు" అని గట్టిగా అన్నాడు. ఈల మోగింది. అందరినీ బయటికి రమ్మన్నారు. మేనేజరమ్మ వచ్చి నీళ్ళను చూసింది, తర్వాత నడుము దాటి వేలాడుతున్న వదిన జడను చూసింది. చాలా మర్యాదగానే, "మేడమ్, తలకు నూనె పెట్టుకుని దిగకూడదు" అంది. అందరూ వదిన వైపు తిరిగారు. వదిన ఒక్క క్షణం నా వైపు చూసి, "సారీ" అంది. నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

కొలను శుభ్రం చేసి మళ్ళీ తెరిచారు. వదిన మాత్రం తువ్వాలు చుట్టుకుని సంచుల దగ్గరే కూర్చుండిపోయింది. చిట్టి ఎంత లాగినా రాలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్ళి, "వదినా, ఆ నూనె..." అని నసిగాను.

"తెలుసులే తమ్ముడూ," అంది ఇడ్లీలు తీస్తూ. "నేను రాసుకునేది కొబ్బరి నూనె, అదీ శుక్రవారం, అప్పుడే తలంటేసుకుంటాను. నా వంటింటి నువ్వుల నూనె వాసన నాకు తెలీదా?"

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను."

అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టి పచ్చడి వేసింది. "ఇంకెప్పుడూ నన్ను నీళ్ళలోకి రమ్మనకండి" అని మాత్రం అంది.

చిట్టికి కూడా నిజం చెప్పాను. నడుము మీద చేతులు పెట్టుకుని విని తీర్పు చెప్పింది: "నువ్వు అందరికీ చెప్పాలి. లౌడ్‌గా. అప్పుడు అమ్మ వస్తుంది."

సోమవారం మేనేజరమ్మకు ఫోన్ చేసి, కాగితం మీద రాసుకున్నది చదివాను. "ఆవిడని తీసుకురా, నేనే స్వయంగా సారీ చెబుతాను" అంది. వదినను ఒప్పించడానికి అన్నయ్యకు మూడు రోజులు పట్టింది. ఆ శనివారం మళ్ళీ మూడున్నర గంటల ప్రయాణం. మేనేజరమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. అయినా వదిన మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆ ముసలి దంపతులు నీళ్ళలోనే ఉన్నారు, ఇటే చూస్తున్నారు.

నేను దిగాను (రెండుసార్లు సబ్బు స్నానం చేశాకే). కొలను మధ్యకు వెళ్ళి, నాకు వచ్చిన ఇంగ్లీషులో అరిచాను: "పోయిన వారం నూనె నాది! ఆవిడది కాదు! నువ్వుల నూనె! ఒళ్ళంతా నేనే రాసుకున్నాను!"

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "అది మోకాళ్ళ నొప్పికి పనిచేస్తుందా?" అని అడిగాడు.

వదినకు నవ్వాగలేదు. "పనిచేస్తుంది. బట్, ఎట్ హోమ్!" అని పైనుంచే జవాబిచ్చి, నవ్వుతూనే ఒక్కొక్క మెట్టూ దిగి, చిట్టి చాచిన చేతులు అందుకుంది. ఆ రోజు ఆవిడ పైకి వచ్చేసరికి వేళ్ళన్నీ నానిపోయి ముడతలు పడ్డాయి.

అప్పటి ఆ కుర్రాణ్ణి, అంటే నన్నే, తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో పాటు చిన్న నవ్వూ వస్తుంది. మోసిన బరువు దిగిపోయిన ఆనందంలో వాడికి ఎక్కడ ఆపాలో తెలియలేదు. వదిన ముఖాన నీళ్ళు చిమ్మి, "చాల్లే తమ్ముడూ, అందరికీ తెలిసిపోయింది, ఇక ఆపు!" అంటున్నా వినకుండా, గొట్టంలోంచి జారి వచ్చే పిల్లలకు ఎదురెళ్ళి, ఒక్కొక్కరికీ ఆ నూనె తనదేనని చెబుతూ సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు.